రెండు మెట్లు దించమన్నారు

ఆమె అడిగిన శృతిలో నేను ఆ రోజు ట్రాక్ పెట్టలేదు. పెడతానని చెప్పి పెట్టలేదు. ఈ రెండు ముక్కలు బయటికి చెప్పడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఈలోగా ఆమె గొంతు గురించి ఊరంతా మాట్లాడింది. నేనూ మాట్లాడాను, ఈ సంగతి ఒక్కటి తప్ప.

పేరు రాసుకోమని ఆమే అన్నారు. నేనే రాయడం లేదు. పేరు కనబడితే మీరు ముందు ఆ వీడియో వెతుక్కుంటారు. ఆమె పాట వినడం ఆ తర్వాతి మాట అవుతుంది.

తొంభైల చివర్లో సినిమా పాటల జోలికి పోకుండా, సొంతంగా క్యాసెట్లు వేసి పెద్ద పేరు తెచ్చుకున్న పాప్ గాయని ఆమె. కాకినాడలో నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మా హాస్టల్ మెస్సులో ఆమె క్యాసెట్ మోగని పూట లేదు. అందులో ఒక పాట అందరికీ పిచ్చి. చరణం రెండో పాదంలో గొంతు ఒక్కసారిగా పైకి లేచి, అక్కడే కాసేపు నిలబడేది. ఆ చోటు రాగానే మేం స్టీలు కంచాల మీద దరువు ఆపేసి, అన్నం చేత్తో అలాగే వినేవాళ్లం. మాలో ఎవరికీ ఆ స్థాయి అందేది కాదు. అందుకోబోయి కీచుమన్నవాడిని వారం పాటు ఏడిపించేవాళ్లం.

చదువైపోయి హైదరాబాదు వచ్చాను. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, కొండాపూర్‌లో ఇల్లు. నా పని గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే నేను చేసింది అర్థం కాదు. మేం ఒక గడిలో రావలసిన ఫలితం రాస్తాం. పక్క గడిలో వచ్చిన ఫలితం రాస్తాం. రెండూ కలవకపోతే వచ్చినదే తప్పు. రావలసినది తప్పేమోనన్న అనుమానం మాకు రాదు, రాకూడదు కూడా. ఇరవై ఏళ్లు ఇదే పని చేస్తే అది ఆఫీసులో ఆగదు. హోటల్లో దోసె దగ్గరా, బంధువుల పిల్లల మార్కుల దగ్గరా అదే బుద్ధి పనిచేస్తుంది.

కీబోర్డు కొద్దిగా వచ్చు కాబట్టి ఆఫీసు సాంస్కృతిక కమిటీలో సౌండు నా నెత్తిన పడింది. వార్షికోత్సవం వస్తే మిక్సరు, లాప్‌టాప్ నావే. పాడేవాళ్లు నేను తెచ్చిన ట్రాక్ మీద పాడతారు. ట్రాక్ అంటే పాటలో గొంతు తీసేసి మిగతా వాద్యాలన్నీ ఉంచిన రికార్డు. నాలుగేళ్ల కిందటి వార్షికోత్సవానికి ఆమెను పిలవమని పట్టుబట్టింది కూడా నేనే.

మధ్యాహ్నం రిహార్సల్‌కి వచ్చారు. అరవై దాటిన మనిషి. రంగు వేయని పొట్టి జుట్టు, నేత చీర, కింద పరుగు పందెం బూట్లు. రాగానే నాతో అన్న మొదటి మాట:

“గేటు కాడ ఐడీ అడిగిండు తమ్మి. మా నాయిన చెల్కలకి పోనీకి నన్ను ఐడీ అడిగిండు.”

నాకు అర్థం కాక నవ్వాను. ఆమె పుట్టిన ఊరూ, వాళ్ల నాన్న మెట్టచేనూ ఈ అద్దాల భవనాల కిందే ఉన్నాయని అప్పటికి నాకు తెలియదు. క్యాసెట్ అట్ట మీద అలాంటివి రాయరు.

నేను ట్రాక్ మొదలుపెట్టాను. నాలుగు క్షణాలు విని చెయ్యెత్తారు.

“ఏ శృతిల పెట్టినవ్?”

“క్యాసెట్‌లో ఉన్నదేనండి, మేడం.”

“క్యాసెట్ల ఉన్న పోరి వేరే. రెండు మెట్లు దించు.”

“దించితే సౌండు కొంచెం డల్ అవుతుందండి.”

“కానీ. నేనున్న గద, చూస్కుంట.”

లాప్‌టాప్‌లో రెండు మెట్లు దించాను. ఆమె పాడారు. చరణంలో ఆ ఎత్తు దగ్గర గొంతు ఎక్కడా ఇరుక్కోకుండా వెళ్లి, నిలబడి, దిగింది. కమిటీ చూసే హెచ్చార్ అమ్మాయి చప్పట్లు కొట్టింది. అప్పుడామె, కొత్త పాటలు కొన్ని కట్టానని, అందులో ఒకటి కూడా పాడతానని అడిగారు.

“టైమ్ స్లాట్ ఒక్క సాంగ్‌కే మేడం,” అంది ఆ అమ్మాయి. “అందరూ ఆ పాటే ఎక్స్‌పెక్ట్ చేస్తున్నారు.”

“ఎక్స్‌పెక్ట్ చేసిందే కావాల్నంటే ఇగ నేనెందుకు బిడ్డా? క్యాసెట్ పెట్టుకోన్రి,” అన్నారామె. నవ్వుతూనే అన్నారు, కానీ కొత్త పాట సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఆమె విశ్రాంతికి వెళ్లాక నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని రెండు ట్రాకులూ మార్చి మార్చి విన్నాను. దించిన దాంట్లో డ్రమ్ములు బద్ధకంగా, గిటారు ముసుగు కప్పుకున్నట్టు అనిపించింది. ఇది ఆ పాట కాదు అనుకున్నాను. రావలసినది ఒకటి, వచ్చింది ఇంకొకటి. ఇంత పెద్ద గాయని, స్టేజీ ఎక్కితే రెండు మెట్లు ఓ లెక్కా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం ఏమిటంటే నాకు మెస్సులో విన్న గొంతే కావాలి. ఆమె ఏమవుతారన్నది నాకు పట్టలేదు. పాత ఫైలే సిద్ధం చేసి ఉంచాను. ఎవరితోనూ చెప్పలేదు.

సాయంత్రం ఆడిటోరియం నిండింది. ట్రాక్ మొదలవగానే ఆమె తల తిప్పి నా వైపు చూశారు. ఒక్కసారే. తర్వాత జనం వైపు తిరిగి పాడారు. పల్లవి బాగానే గడిచింది. మొదటి చరణంలో ఆ చోటు వచ్చింది. గొంతు పైకి లేచింది, సగం దారిలో చీలింది. ఒక గాలి చప్పుడు, తర్వాత ఏమీ లేదు. ఆమె నవ్వేసి మైకును జనం వైపు తిప్పారు. జనం పాడలేదు. జనం చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. రెండో చరణంలో ఆ చోటు మళ్లీ వచ్చింది, మళ్లీ చీలింది. ఈసారి వెనక వరసల్లో నవ్వులు వినబడ్డాయి. ట్రాక్ నా వేలి కింద ఉంది. ఆపవచ్చు, దించవచ్చు. నేను కదల్లేదు.

ఆ గొంతు చీలిన ముక్కనే కత్తిరించి ఎవరో ఆఫీసు గ్రూపులో పెట్టారు. అక్కడి నుంచి బయటికి పోయింది. దాని మీద పిల్లి అరుపులు అతికించారు. ఆంటీ, ఇక చాలు, అని రాశారు. మర్నాడు క్యాంటీన్‌లో మా బల్ల దగ్గర పెద్ద చర్చ: వయసు మీదపడ్డ పాప్ స్టార్లు ఇంకా మంచి పాట చేయగలరా, లేక గౌరవంగా తప్పుకోవాలా. అందరూ నా వైపు చూశారు, సంగీతం తెలిసినవాడినని. నేను సాంబారు కలుపుకుంటూ అన్నాను, “వయసండి. ఏం చేస్తాం.”

అంతకన్నా నీచమైన మాట నేను నా జీవితంలో అనలేదు.

వీడియో కింద ఒకాయన మాత్రం, శృతి ఆమెకు ఎక్కువైనట్టుంది, నిర్వాహకుల పొరపాటేమో అని రాశాడు. దాని కింద వరసగా ఒకటే జవాబు: ఆడలేక మద్దెల ఓడు. అది చదివి నేను ఊపిరి పీల్చుకున్నాను. సామెత ఎంత గట్టిదో ఆ రోజు తెలిసింది. మద్దెల నిజంగా ఓటిదైనా ఆడిన మనిషి నోరెత్తలేదు. ఎత్తితే ఆ సామెత సిద్ధంగా ఉంటుంది. ఆమె ఎత్తలేదు. ఎవరో ఫోన్ చేసి అడిగితే, ఆ రోజు కుదరలేదు అని ఊరుకున్నారట.

కొన్నాళ్లకు, సౌండు బాక్సులు కిరాయికిచ్చే పరిచయస్తుడొకడు చెప్పాడు. ఆమె కొత్త పాటలన్నీ కలిపి నగరంలో ఒక హాల్లో కచేరీ పెట్టుకున్నారని, ఆ వీడియో తర్వాత డబ్బు పెట్టేవాళ్లు వెనక్కి పోయారని. “లేపేసిన్రు సార్ ప్రోగ్రాం. గా గొంతుకి ఎవరొస్తరు?” అన్నాడు. నేను పాపం అన్నాను. ఆమె అంతటితో వదిలేసి ఉంటే ఈ కథ ఇక్కడే చచ్చిపోయేది, బహుశా నేను కూడా సుఖంగానే ఉండేవాణ్ణి.

ఆమె వదల్లేదు. కచేరీ లేకపోతే లేదని, పాటల్ని ఇంట్లోనే రికార్డు చేసి ఒక్కొక్కటిగా ఇంటర్నెట్‌లో పెట్టారు. పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం నేనూ మా ఆవిడా కొత్తగూడ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. కారు కదలడం లేదు. మా ఆవిడ ఫోన్‌లో ఏవో పాటలు మారుస్తుంటే ఒకటి మొదలైంది. ఒక గిటారు, ఒక డప్పు, అంతే. పాటలో ఒక ఆడ మనిషి తన ఊళ్లో కారు పెట్టుకోవడానికి చోటు వెతుక్కుంటోంది.

*బర్రెను కట్టేసిన కాడ బండి పెట్ట జాగ లేదు,*
*రెండో బేస్‌మెంట్ల నిలవడ్డ నాయినా,*
*మన బాయి గూడ గింత లోతు లేకుండె.*

మొదటి పాదానికి మా ఆవిడ గట్టిగా నవ్వింది. మూడో పాదానికి నవ్వు ఆగిపోయింది. ‘లోతు’ అన్న మాట దగ్గర గొంతు కిందికి దిగింది. ఇంకా దిగింది. క్యాసెట్ రోజుల్లో ఆమె ఎప్పుడూ వెళ్లని చోటికి వెళ్లి, గరుకుగా, తొణకకుండా నిలబడింది. నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. మెస్సులో కంచాలు ఆపి విన్న పాటకు ఇలా ఎన్నడూ కాలేదు. అప్పుడు మేం చూసింది గారడీ. ఎవరైనా ఎత్తుకు ఎగిరితే నోరు తెరిచి చూస్తాం. ఇది వేరు. నీళ్లు తోడిన బావి స్థానంలో నిలబడి వాళ్ల నాన్నతో మాట్లాడుతున్న మనిషి నాకు కారులో వినబడింది.

“ఎవరండీ ఈవిడ?” అంది మా ఆవిడ. చెప్పాను. “గొంతు పోయిందన్నారు కదా ఈవిడకి? ఎవరన్నారు ఆ మాట?”

“నేనే అన్నాను,” అన్నాను. తర్వాత మొత్తం చెప్పాను. వెనక బళ్లు హారన్లు కొడుతున్నాయి.

“నాకెందుకు చెబుతున్నారు?” అంది చివరికి. “ఆవిడకి చెప్పారా?”

ఇక్కడ కథ ఆపి ఒక మాట అంటాను, ఎవరికి కోపం వచ్చినా సరే. వయసైన పాప్ స్టార్లు గొప్ప పాట చేయగలరా అని అడుగుతారు. డెబ్బై ఏళ్ల సంగీత విద్వాంసుడు గొంతు జీరబోయి పాడితే పరిపక్వత అని తల ఊపుతాం. పాప్ పాడిన మనిషికి అది లేదు. ఆమె క్యాసెట్‌లో ఎలా పాడిందో అరవైలో అలాగే పాడాలి, లేకపోతే పోవాలి. కొత్త పాట కట్టానంటే టైమ్ లేదంటాం. పాత పాట తన శృతిలో పాడతానంటే డల్ అంటాం. ఇక గొప్ప పాట ఎక్కణ్ణుంచి వస్తుంది, ఆమె దగ్గర దానికి మనం జాగా ఎక్కడ ఉంచాం?

అందరూ గొప్పవాళ్లని నేననడం లేదు. జుట్టుకు నల్లరంగు వేసి, మనవరాలి వయసు పిల్లల పాటల్లా కట్టి నవ్వులపాలైనవాళ్లు ఉన్నారు. స్టేజీ మీద పెదాలు కదిపి, కింద పాత రికార్డు నడిపించుకునేవాళ్లు ఉన్నారు. అలాంటి రికార్డులు నేనూ నడిపాను. ఒక్కరు గుర్తుపట్టలేదు, గుర్తుపట్టినా ఒక్కరు అభ్యంతరం చెప్పలేదు. అచ్చం క్యాసెట్‌లో లాగే ఉందండీ అని వచ్చి చేతులు కలిపారు. మోసానికి చప్పట్లు కొట్టిన మనమే, నిజాయితీగా రెండు మెట్లు దించమన్న మనిషిని చూసి నవ్వాం. కాబట్టి నన్నెవరూ వాళ్ల వయసు గురించి అడగొద్దు. ఆ బర్రె పాట ఇరవై ఏళ్ల పిల్ల రాయలేదు, పాడలేదు. బావి పూడిపోవడం చూడాలంటే ముందు బావి చూసి ఉండాలి.

ఆ ఆదివారం మదీనాగూడలో ఆమె ఫ్లాట్‌కి వెళ్లాను. తలుపు తీసినప్పుడు ఫోన్‌లో లిఫ్టు గురించి ఎవరినో తిడుతున్నారు. నన్ను చూసి గుర్తుపట్టారు. కూర్చోమని సైగ చేసి, తిట్టడం పూర్తిచేసి వచ్చారు.

“చెప్పు తమ్మి. మళ్ల ఏమన్న ఫంక్షనా?”

“కాదండి. ఆ రోజు ట్రాక్...”

“దించలే. ఎర్కే.”

నేను దారి పొడుగునా సిద్ధం చేసుకున్నదంతా పనికిరాకుండా పోయింది. “తెలిసీ ఎందుకు పాడారండి?”

“మరేం జెయ్యాలె? స్టేజి మీదికెల్లి ఒర్రాల్నా, ఓ తమ్మి తప్పు పెట్టినవ్ అని? ఆపితే ముసల్దానికి చాతగాలే అంటరు. పాడితే గొంతు వోయిందంటరు. ఏదో ఒకటి అనుడైతే అంటరు గద. పాడిన.” వంటింట్లోకి వెళ్తూ అడిగారు, “మరిచిపోయినవా, కావాల్ననే జేసినవా?”

“కావాలనేనండి.”

ఆమె వెనక్కి వచ్చి కూర్చున్నారు. మరిచిపోయాననుకున్నట్టున్నారు ఈ నాలుగేళ్లూ. ముఖంలో మొదటిసారి నొప్పి కనబడింది.

“నేను మీ ఫ్యాన్‌ని మేడం. ఆ పాట కాలేజీ రోజుల్లో విన్నట్టే వినాలని...”

“గదే పరేషాన్,” అన్నారు. “దుష్మన్ అయితే శృతి మంచిగ పెడుతుండె.”

నేను చేతులు జోడించి, క్షమించమన్నాను. ఆమె నా చేతులు చూశారు.

“నాకెందుకు చెప్తున్నవ్? నాకు ముందే ఎర్క. యాడ నవ్విన్రో ఆడ చెప్పు.”

“అక్కడ నేను పనిచేస్తానండి.”

“నేను సుత పనే జేస్త తమ్మి. ఇది నా పని. నాకు హాల్ దొరుకుతలే. అడిగినోళ్లందరు గా వీడియో చూస్తరు, ఫోన్ పెట్టేస్తరు. నీ ఏడుపు నేనేం జేసుకోను? హాల్ దొరకాలె నాకు.”

టీ ఇచ్చారు. తాగి వచ్చేశాను. లింగంపల్లి నుంచి వచ్చే బళ్ల మధ్య కారు నడుపుతూ, ఆమె అడిగింది ఎంత న్యాయమో, నాకెంత భయమో రెండూ ఒకేసారి అర్థమయ్యాయి.

మళ్లీ వార్షికోత్సవం కమిటీ కూర్చుంది. నేను ఆమె పేరు చెప్పాను. హెచ్చార్ అమ్మాయి తల పట్టుకుంది.

“సార్, ఆవిడా? మళ్లీ ఆ మీమ్స్ అన్నీ లేస్తాయి సార్.”

అప్పుడు ట్రాక్ సంగతంతా చెప్పాను.

“అంటే... తెలిసే పెట్టారా సార్?”

“తెలిసే పెట్టాను. ఆవిడ్ని పిలిచి, కొత్త పాటలు పాడనివ్వండి. ముందు నేను స్టేజీ మీద ఇది చెబుతాను.”

మా మేనేజరు నాకంటే చిన్నవాడు, మంచివాడు. నన్ను పక్కకు తీసుకెళ్లి, “అంత వివరంగా ఎందుకండీ? అప్పుడు ఏదో టెక్నికల్ ఇష్యూ వచ్చింది అనండి. అందరికీ మర్యాదగా ఉంటుంది,” అన్నాడు.

పాతికేళ్లుగా మా పరిశ్రమలో పాపాలన్నీ పూడ్చిపెట్టే శ్మశానం ఆ రెండు మాటలే. నేనే ఎన్ని పూడ్చానో లెక్కలేదు. “టెక్నికల్‌గా ఏమీ కాలేదండి,” అన్నాను. “లాప్‌టాప్ నేను చెప్పింది చెప్పినట్టు చేసింది.”

రెండు రోజులు తర్జనభర్జన పడి ఒప్పుకున్నారు. నేను కమిటీ నుంచి తప్పుకుంటే మంచిదన్నారు. తప్పుకున్నాను. ఇప్పటికీ క్యాంటీన్‌లో కొందరు నన్ను చూసి బల్ల మారుతున్నారు. మారనీ. ఆ బల్ల దగ్గరే కదా నేను ఆ మాట అన్నది.

వార్షికోత్సవం సాయంత్రం ఆమె ట్రాక్ లేకుండా, గిటారు వాయించే ఆయన్నీ డప్పు వాయించే ఆయన్నీ వెంటబెట్టుకుని వచ్చారు. స్టేజీ మీదికి పిలవగానే ముందు వరసల్లోని కొత్త పిల్లలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. ఫోన్లు లేచాయి. పిల్లి అరుపు ఒకటి వినబడింది. ఆమె చేతులు కట్టుకుని పక్కగా నిలబడి, నా వైపు చూశారు, ఊఁ అన్నట్టు. మైకు నా చేతిలో ఉంది. కాగితం ఏమీ రాసుకోలేదు. నేనన్నది ఇది.

“ఫోన్లు దించకండి, రికార్డు చేయండి. ఆ పాత వీడియో ఎక్కడెక్కడికి పంపారో ఇది కూడా అక్కడికి పంపండి. నాలుగేళ్ల క్రితం ఇక్కడ ఈవిడ పాడినప్పుడు ట్రాక్ నడిపింది నేను. శృతి రెండు మెట్లు దించమని ఈవిడ అడిగారు. రిహార్సల్‌లో దించాను, ఆ శృతిలో ఈవిడ ఎంతో బాగా పాడారు. స్టేజీ మీద నేను కావాలనే పాతది పెట్టాను. మీరందరూ నవ్విన తప్పు నాది. మర్నాడు వయసైపోయిందని నేనే అన్నాను, అదీ అబద్ధమే. దానివల్ల ఈవిడ కచేరీ పోయింది. మేడం, మీరు ఎదురుగా నిలబడి పాడుతుంటే నేను మిమ్మల్ని వినలేదు, నా క్యాసెట్‌ను వెతుక్కున్నాను. మీ పనిని పాడుచేశాను. ఇంతమంది ముందు చెబుతున్నాను, నన్ను క్షమించండి.”